టెక్ సందేహాలు: పెరట్లో పక్షుల లెక్క

ఈ వారం వచ్చిన ప్రశ్నల్లో ఎక్కువ ఒకే విషయం మీద ఉన్నాయి. ఇంటి పెరట్లో కనిపించే పక్షుల జాబితాను ఫోన్‌లోనో కంప్యూటర్‌లోనో ఎలా రాసుకోవాలని అడిగారు. చాలా ఏళ్లుగా నేనూ ఈ లెక్క రాస్తున్నాను. నాకు ఎంతో ఇష్టమైన పని ఇది. అందుకే ఈసారి చోటంతా దీనికే.

ప్రశ్న: రెండేళ్లుగా మా పెరట్లో చూసిన పక్షుల పేర్లు నోట్‌బుక్‌లో రాస్తున్నాను. 43 రకాలయ్యాయి. ఇప్పుడు ఫోన్‌లోకి ఎక్కించాలనుంది. ఈబర్డ్ వాడాలా, ఎక్సెల్ షీట్ సరిపోతుందా?

రెండూ వాడొచ్చు. ముందు మీ నోట్‌బుక్ ఒకసారి తిరగేయండి. ప్రతి పేరు పక్కన తేదీ ఉందా? అదే పక్షి మళ్లీ వచ్చినప్పుడు మళ్లీ రాశారా? చాలామంది రాయరు. కొత్త పిట్ట కనిపించిన రోజే నోట్‌బుక్ తెరుస్తారు. దాంతో 43 పేర్లు పోగవుతాయి గానీ, కోయిల ఏ నెలలో కూత మొదలుపెట్టిందో, పిచ్చుకలు ఎప్పటినుంచి తగ్గాయో ఆ నోట్‌బుక్ చెప్పలేదు. అవి తెలియాలంటే పెరట్లో కూర్చున్న ప్రతిసారీ రాయాలి. రోజూ చూసే కాకినీ రాయాలి. ఏమీ కనిపించని రోజున కూడా ఫలానా టైమ్ నుంచి ఫలానా టైమ్ దాకా చూశాను, ఏమీ రాలేదు అని రాయాలి. యాప్ ఏదైనా సరే, ఈ అలవాటు లేకపోతే దానివల్ల పెద్దగా ఉపయోగం ఉండదు.

ఈబర్డ్ నాకు నచ్చేది ఇందుకే. కార్నెల్ ల్యాబ్ ఆఫ్ ఆర్నిథాలజీ, నేషనల్ ఆడుబాన్ సొసైటీ కలిసి 2002లో మొదలుపెట్టిన, చూసిన పక్షుల వివరాలు రాసుకునే ఉచిత సేవ ఇది. ఇందులో ఒక్కో పక్షిని విడిగా రాయరు, కూర్చున్న ప్రతిసారికీ ఒక చెక్‌లిస్ట్ తెరుస్తారు. ఎప్పుడు మొదలుపెట్టారు, ఎన్ని నిమిషాలు చూశారు, ఏవి ఎన్ని కనిపించాయి అన్నీ అందులోకే వెళ్తాయి. 30 మీటర్ల లోపే కదిలితే ‘స్టేషనరీ’ అని ఎంచుకోవాలి. పెరటికి ఎప్పుడూ అదే. పంపించేముందు ఒక ప్రశ్న అడుగుతుంది: మీరు గుర్తుపట్టగలిగిన పక్షులన్నీ ఇందులో రాశారా? దీనికి నిజాయితీగా ‘అవును’ అనగలిగేలా రాయండి. ఎందుకంటే ఆ ‘అవును’ ఉన్నప్పుడే, జాబితాలో పిచ్చుక లేకపోతే ఆ పావుగంటలో మీకు పిచ్చుక కనిపించలేదని అర్థం తీసుకోగలం. లేకపోతే మీరు రాయడం మర్చిపోయారో, అది రాలేదో ఎవరికీ తెలియదు.

సంఖ్య దగ్గర చాలామంది తడబడతారు. నీళ్ల తొట్టి మీద రెండు గోరువంకలు వాలాయి, వెళ్లిపోయాయి. అయిదు నిమిషాలకు మూడు వచ్చాయి. మళ్లీ రెండు. మొత్తం ఏడా? వచ్చినవే మళ్లీ వచ్చి ఉండొచ్చు కదా! పెరటి పక్షులను లెక్కపెట్టే ప్రాజెక్ట్ ఫీడర్‌వాచ్‌లో పాటించే పద్ధతి దీనికి బాగా పనికొస్తుంది: ఒకేసారి కళ్లెదుట ఎక్కువలో ఎక్కువ ఎన్ని ఉన్నాయో అదే లెక్క. ఇక్కడ మూడు. లెక్క అసలే కుదరకపోతే ఈబర్డ్‌లో సంఖ్య బదులు ‘ఎక్స్’ పెట్టొచ్చు గానీ, ఉజ్జాయింపుగా 40 అని వేసినా దానికన్నా మేలే.

చెక్‌లిస్టులు కొన్ని పోగయ్యాక ఈబర్డ్ వెబ్‌సైట్‌లో మీ ఇంటి లొకేషన్‌ను ‘యార్డ్’గా పెట్టుకోండి. పెరటి జాబితా దానంతట అదే తయారవుతుంది, కొత్త పక్షి వస్తే పెరుగుతుంది. ఇక పాత నోట్‌బుక్ సంగతి. తేదీ ఉండి, ఎంతసేపు చూశారో రాయనివాటిని ‘హిస్టారికల్’ పద్ధతిలో ఎక్కించొచ్చు. తేదీ కూడా లేని పేర్లను ఈబర్డ్‌లోకి తోయొద్దు. ఊహించి వేసిన తేదీ తర్వాత నిజమైన తేదీలా చలామణి అవుతుంది. వాటిని మీ సొంత షీట్‌లో ఉంచుకోండి.

షీట్ ఎందుకూ అంటే, డేటా మీ దగ్గర కూడా ఉండాలి కాబట్టి. మొదట్లో నేను వేరే యాప్ ఒకటి వాడాను. చూడ్డానికి బాగుండేది, కానీ డేటాను బయటికి తీసుకునే దారి లేదు. ఫోన్ పాడై రీసెట్ చేయాల్సివచ్చిన రోజున దాదాపు మూడేళ్ల రాతలు పోయాయి. మా జామచెట్టు మీద గిజిగాడు మొదటిసారి గూడు మొదలుపెట్టిన రోజు ఏదో ఈరోజుకీ నాకు తెలియదు. అప్పట్నుంచీ ఏ యాప్ చూసినా ముందు ‘ఎక్స్‌పోర్ట్’ ఉందా అనే వెతుకుతాను. ఈబర్డ్‌లో ఉంది. వెబ్‌సైట్‌లోకి వెళ్లి ‘డౌన్‌లోడ్ మై డేటా’ నొక్కితే మొత్తం సీఎస్‌వీ ఫైల్‌గా, అంటే ఎక్సెల్‌లో తెరవగలిగే ఫైల్‌గా, మెయిల్‌కు వస్తుంది. మూడు నెలలకోసారి తీసి పెట్టుకోండి. ఫోన్‌లో రాసి ఇంకా సబ్మిట్ చేయని చెక్‌లిస్టులు మాత్రం ఆ ఫైల్‌లో రావు. యాప్ తీసేస్తే అవి పోతాయి, కాబట్టి ఏ రోజువి ఆ రోజే పంపేయండి.

ప్రశ్న: మెర్లిన్ యాప్ పక్షి కూత విని పేరు చెబుతోంది. పావుగంటలో పద్నాలుగు పేర్లు చూపించింది. నా కంటికి అయిదే కనిపించాయి. మిగతా తొమ్మిదీ జాబితాలో వేసుకోవచ్చా?

వినిపించిన పక్షిని జాబితాలో వేసుకోవడంలో తప్పేమీ లేదు. చూసినా విన్నా లెక్కే. అయితే విన్నది మీరా, ఫోనా అన్నది చూసుకోవాలి.

మెర్లిన్ చాలా మంచి యాప్. 2021లో ఈ సౌండ్ ఐడీ వచ్చాక పక్షుల వైపు మనసు మళ్లినవాళ్లు నాకు తెలిసే చాలామంది ఉన్నారు. మీ ప్రాంతం ప్యాక్ ముందే దించుకుంటే నెట్ లేకుండానే పనిచేస్తుంది. కానీ అది ఇచ్చేది సలహా. అనుకరించే పక్షులను తీసుకోండి. భృంగరాజం మరో పక్షిలా అచ్చం అలాగే పలకగలదు, మైనాలు కూడా అంతే. మీ చెట్టు మీద ఉన్నది ఒక్క పక్షే అయినా తెర మీద మూడు పేర్లు వెలగొచ్చు. పక్కింటి టీవీలో వచ్చిన కూతకీ పేరు పడొచ్చు. గేటు కిర్రుమన్నా, ఉడుత అరిచినా ఒక్కోసారి పొరబడుతుంది.

నేను చేసేది ఇదీ. మెర్లిన్‌లో పేరు వెలిగిన వెంటనే తల ఎత్తి ఆ శబ్దం ఎటునుంచి వస్తోందో చూస్తాను. మళ్లీ కూసినప్పుడు అదే పేరు మళ్లీ వెలుగుతోందా? వెలిగితే నమ్మకం కాస్త పెరుగుతుంది. రికార్డింగ్ ఆపాక ఆ పేరు మీద నొక్కితే తెర మీద కూత బొమ్మలో సరిగ్గా ఆ చోటికి తీసుకెళ్తుంది. దాన్ని హెడ్‌ఫోన్స్‌లో వింటాను, యాప్‌లోనే ఉన్న నమూనా కూతతో పోల్చుకుంటాను. రెండూ ఒకటేనని నా చెవికి అనిపిస్తేనే రాస్తాను. ఒకే ఒక్కసారి మెరిసి మాయమైన పేరును వదిలేస్తాను. ఈబర్డ్ నడిపేవాళ్లు చెప్పేదీ ఇదే: మెర్లిన్ చెప్పింది కదా అని రాయొద్దు, మీరు నిర్ధారించుకున్నాకే రాయండి.

కాబట్టి ఆ తొమ్మిదింటినీ ఒక్కొక్కటిగా విని చూడండి. నిలబడినవాటిని ‘విన్నది’ అని గుర్తు పెట్టి చేర్చండి. మిగతావాటి కోసం రేపు పొద్దున మళ్లీ కూర్చోండి. పక్షి నిజంగా మీ పెరట్లో ఉంటే మళ్లీ కూస్తుంది. ఇంకో మాట. ఈ రికార్డింగులు ఫోన్‌లోనే ఉంటాయి. యాప్ తీసేస్తే అవీ పోతాయి. అరుదైన కూత దొరికితే దాన్ని వెంటనే బయటికి షేర్ చేసి దాచుకోండి.

ప్రశ్న: గూగుల్ షీట్స్‌లో నేనూ మా అమ్మాయీ కలిసి రాస్తున్నాం. ఎన్ని రకాలో తెలుసుకుందామని ‘యునీక్’ ఫార్ములా పెడితే ‘బుల్‌బుల్’ రెండుసార్లు వస్తోంది. స్పెల్లింగ్ ఒకటే. షీట్ పాడైందా?

షీట్ బాగానే ఉంది. తెలుగులో రాసేవాళ్లందరికీ ఎప్పుడో ఒకప్పుడు ఎదురయ్యే చిక్కు ఇది. ‘బుల్‌బుల్’ అన్నప్పుడు మొదటి ‘ల్’ పొల్లుగా నిలబడాలంటే, దాని పక్కన కంటికి కనిపించని ఒక అక్షరం ఉండాలి. దాని పేరు జీరో విడ్త్ నాన్ జాయినర్. అది లేకపోతే ‘బుల్బుల్’ అని ఒత్తు పడుతుంది. కొన్ని కీబోర్డులు ఈ అక్షరాన్ని మాట చివరి ‘ల్’ తర్వాత కూడా పెట్టేస్తాయి. మీ ఫోన్ పెట్టలేదు, అమ్మాయి ఫోన్ పెట్టింది. కంటికి తేడా లేదు, కంప్యూటర్‌కు ఉంది. కావాలంటే రెండు గడుల మీదా అక్షరాలు లెక్కపెట్టే ‘లెన్’ ఫార్ములా వేసి చూడండి. ఒకటి 9 అంటుంది, రెండోది 10 అంటుంది.

‘ట్రిమ్’ దీన్ని తీయదు, అది ఖాళీలనే తీస్తుంది. ‘సబ్‌స్టిట్యూట్’ ఫార్ములాలో ‘యూనిచార్’ 8204 (ఆ కనిపించని అక్షరం నంబరు) ఇచ్చి పక్క కాలమ్‌లో ఆ అక్షరాన్ని తొలగించొచ్చు. కానీ రేపు మళ్లీ అదే జరుగుతుంది. అసలైన మందు వేరే ఉంది. పక్షుల పేర్లన్నీ ఇంకో షీట్‌లో ఒక్కసారి రాసి పెట్టండి. మొదటి షీట్‌లో పేరు కాలమ్‌కు ‘డేటా వ్యాలిడేషన్’తో డ్రాప్‌డౌన్ పెట్టండి. ఇక ఎవరూ పేరు టైప్ చేయనక్కర్లేదు, ఎంచుకుంటే చాలు.

ఆ పేర్ల షీట్‌లో ప్రతి తెలుగు పేరు పక్కన శాస్త్రీయ నామం కూడా తప్పకుండా రాయండి. మన పేర్లు ముద్దుగా ఉంటాయి, నాకు ప్రాణం, కానీ ఒకే పక్షిని ఒకచోట జెముడుకాకి అంటారు, ఇంకోచోట చెమరకాకి అంటారు. ‘గద్ద’ అంటే ఎన్ని రకాలో! అదే ‘పాసర్ డొమెస్టికస్’ అంటే ఎక్కడైనా ఇంటి పిచ్చుకే.

తేదీని ఏడాది, నెల, రోజు వరసలో రాయండి. 03/04 అని రాస్తే మార్చి నాలుగో ఏప్రిల్ మూడో ఆరు నెలల తర్వాత మీకే తెలియదు. ఈ షీట్‌ను సీఎస్‌వీగా దించి ఎక్సెల్‌లో డబుల్ క్లిక్ చేస్తే తెలుగంతా పిచ్చి గుర్తులుగా కనిపించొచ్చు. టెన్షన్ పడకండి, ఫైల్ పాడవలేదు. ఎక్సెల్‌లో ‘డేటా’ మెనూ నుంచి ‘ఫ్రమ్ టెక్స్ట్/సీఎస్‌వీ’ ద్వారా తెరిచి, 65001 యూటీఎఫ్-8 ఎంచుకోండి.

ప్రశ్న: ఈబర్డ్‌లో లొకేషన్ పెడితే మా ఇల్లు ఎక్కడో అందరికీ తెలిసిపోదా?

తెలిసే వీలుంది. మీరు పెట్టిన లొకేషన్ పేరు, పిన్ ఇతరులకు కనిపిస్తాయి. అందుకే పేరులో ఇంటి నంబరు, ఇంటిపేరు, వీధి ఏవీ రాయకండి. ‘పెరడు’ అంటే చాలు. పిన్‌ను మీ గేటు మీద కాకుండా దగ్గర్లోని కూడలి మీద పెట్టండి. ఇప్పటికే పెట్టేసి ఉంటే ‘మై లొకేషన్స్’లో మార్చుకోవచ్చు, పాత చెక్‌లిస్టులన్నిటికీ ఆ మార్పు వర్తిస్తుంది. మొక్కలు, జంతువులు, పక్షులు అన్నీ నమోదు చేసే ఐనేచరలిస్ట్ వాడేవాళ్లు ‘అబ్‌స్క్యూర్డ్’ ఎంచుకుంటే అసలు చోటు బదులు ఆ చుట్టుపక్కల పెద్ద గడిలో ఏదో ఒక బిందువు చూపిస్తుంది.

ప్రశ్న: కెమెరా గడియారం తప్పుగా ఉందని ఆరు నెలల తర్వాత చూశాను. 300 ఫొటోలు. అన్నిటి టైమూ చేత్తో మార్చాలా?

అక్కర్లేదు. కెమెరా గడియారాన్ని ఇప్పుడే సరిచేయకుండా, ఫోన్‌లో టైమ్ కనిపించేలా పెట్టి ఆ ఫోన్‌ను కెమెరాతో ఒక ఫొటో తీయండి. ఫొటోలో కనిపించే టైమ్‌కూ, ఫొటో వివరాల్లో నమోదైన టైమ్‌కూ ఎంత తేడా ఉందో అదే మీ పొరపాటు. ఎగ్జిఫ్‌టూల్ అనే ఉచిత ప్రోగ్రామ్‌తో ఆ తేడాను అన్ని ఫొటోలకూ ఒకేసారి కలపొచ్చు. మధ్యలో బ్యాటరీ తీసినప్పుడు గడియారం మళ్లీ మారిందేమో మాత్రం చూసుకోండి. ముందు ఫొటోలు కాపీ చేసుకుని ఆ కాపీల మీదే పనిచేయండి. ఇకమీదట ఫొటోలను వాట్సాప్‌లో మామూలుగా పంపి దాచుకోవద్దు. తీసిన సమయం, చోటు వివరాలు పోతాయి. డాక్యుమెంట్‌గా పంపితే ఉంటాయి.

ప్రశ్న: మా జాబితాలో నిన్నటిదాకా ఉన్న పేరు మారిపోయింది. మా బంధువుల జాబితాలో అయితే ఒక పక్షి తగ్గింది కూడా. హ్యాక్ అయిందా?

లేదు. ఏటా ఒకసారి ఈబర్డ్ పక్షుల వర్గీకరణను కొత్తగా సరిచేస్తుంది. 2024లో బార్న్ ఔల్ అనే తెల్లముఖం గుడ్లగూబను మూడు జాతులుగా విడదీశారు. అదే ఏడాది రెడ్‌పోల్ అనే చిన్న పిట్టల జాతులు మూడింటినీ ఒకటిగా కలిపారు. కలిపినప్పుడు లెక్క తగ్గుతుంది. ఈబర్డ్‌లో మార్పు దానంతట అదే జరుగుతుంది, మీ సొంత షీట్‌లో మీరే చేసుకోవాలి.

ప్రశ్న: రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్ మీద, కూత విని పక్షిని గుర్తుపట్టే బర్డ్‌నెట్-పై ప్రోగ్రామ్ పెట్టి, మైక్ బయట ఉంచితే రోజంతా అదే రాస్తుందట. పెట్టమంటారా?

పెట్టండి, ఎంతో నేర్పిస్తుంది. కార్నెల్, జర్మనీలోని కెమ్నిట్జ్ సాంకేతిక విశ్వవిద్యాలయం కలిసి తయారుచేసిన బర్డ్‌నెట్ శబ్దాన్ని మూడేసి సెకన్ల ముక్కలుగా విని, ఒక్కోదానికి 0 నుంచి 1 దాకా స్కోరు ఇస్తుంది. 0.7 వచ్చిందంటే నూటికి డెబ్బై పాళ్లు నిజమని కాదు. అది ఆ మోడల్ స్కోరు, అంతే. రోజంతా వింటుంది కాబట్టి చిన్న పొరపాట్లు కూడా వారంలో చాలా పోగవుతాయి. అక్షాంశం, రేఖాంశం సరిగ్గా ఇవ్వండి, లేకపోతే మీ దగ్గర ఎప్పుడూ ఉండని పక్షుల పేర్లు వస్తాయి. మనుషుల మాటలు రికార్డు కాకుండా ప్రైవసీ సెట్టింగ్ ఆన్ చేయండి. పక్కింటివాళ్లకు కూడా ఒక మాట చెప్పండి.

దాని జాబితాను మీ జాబితాలో కలపకండి. వేరే షీట్‌లో ఉంచండి. తెల్లవారుజామున 4:50కి ఏదో పక్షి కూసిందని మూడు రోజులు వరసగా చూపిస్తే, నాలుగో రోజు 4:40కి మీరే పెరట్లోకి వెళ్లి వినండి. వినిపిస్తే అప్పుడు మీ జాబితాలో రాయండి, తేదీ వేసి.