వడపోత కుండలు చేయబోతున్న మేనల్లుడికి

చిరంజీవి శ్రీనివాసుకు ఆశీస్సులు.

వెండి పూత వేసిన మట్టి ఫిల్టర్లు తయారుచేసి అమ్మాలన్న నీ ఆలోచన నాకు చాలా సంతోషం కలిగించింది. కాని నీ ఉత్తరమంతా వెండి గురించే ఉంది, మట్టి ఊసే లేదు. 1981లో గ్వాటెమాలాలో ఫెర్నాండో మజారియెగోస్ రూపొందించిన ఈ కుండ, 1998 నాటి మిచ్ తుఫాను తర్వాత కుమ్మరి కళాకారుడు రాన్ రివేరా కృషితో నికరాగువా కుమ్మరుల చేతికి అందింది. మామూలు బట్టీలో కాల్చుకోగలిగిన వస్తువు కాబట్టే అది ఊళ్లకు చేరింది.

బంకమట్టిలో వరి ఊక పొడి కలిపి కాల్చినప్పుడు, ఊక కాలిపోయిన చోట కంటికి కనిపించని రంధ్రాలు మిగులుతాయి, ఈ.కొలి వంటి బ్యాక్టీరియా చాలావరకు ఆ దారుల్లోనే చిక్కుకుపోతుంది. తప్పించుకున్నవాటిని వెండి అయాన్లు, వాటి ప్రోటీన్లలోని గంధకాన్ని పట్టుకుని, నిర్వీర్యం చేస్తాయి. అందువల్ల ఊకను ఎప్పుడూ ఒకే జల్లెడతో జల్లించు, మట్టిని, ఊకను తూకం వేసే కలుపు, చేతి అంచనాను నమ్మకు. కాలిన కుండల్లో ఒకదాన్ని పగలగొట్టి చూడు: గోడ మధ్యలో నల్లని చార కనిపిస్తే ఊక పూర్తిగా కాలలేదని అర్థం.

అన్నిటికంటే ముఖ్యమైనది ప్రవాహ పరీక్ష. ప్రతి కుండనూ రాత్రంతా నానబెట్టి, అంచు వరకు నీళ్లు నింపి, గంటలో ఎంత కారిందో కొలవాలి. గంటకు 1 నుంచి 3 లీటర్లలోపు కారితే మంచిది. అంతకంటే వేగంగా కారితే లోపల ఎక్కడో బీటో, మరీ పెద్ద రంధ్రాలో ఉన్నట్టే. అటువంటి కుండకు ఎంత వెండి పూసినా ప్రయోజనం లేదు, దాన్ని అక్కడే పగలగొట్టు. తక్కువ ధరకైనా అమ్మకు, ఎందుకంటే దాన్ని కొనేది పసిపిల్లలున్న పేద ఇల్లే అవుతుంది. పరీక్షలో నెగ్గి, ఆరిన కుండకే వెండి ద్రావణాన్ని లోపలా బయటా కుంచెతో పట్టించు. పూత విషయంలో సందేహాలుంటే హైదరాబాదులోని ఏఆర్‌సీఐ అనే పరిశోధన సంస్థ వారిని అడుగు. వెండి నానో రేణువులు (అతి సూక్ష్మమైన వెండి రేణువులు) పూసిన, నీటి ఫిల్టర్లలో వాడే సిరామిక్ క్యాండిళ్లను వారు రూపొందించారు.

కొనేవారికి నిజం చెప్పు. వైరస్‌లు బ్యాక్టీరియా కంటే ఎన్నో రెట్లు చిన్నవి, కుండ వాటిని పూర్తిగా ఆపలేదు. నీటి ద్వారా కామెర్లు తెచ్చేవి వైరస్‌లే కాబట్టి, కామెర్లు ప్రబలిన ఊళ్లో వడకట్టిన నీటిని కూడా కాచే తాగమను. కుండను సబ్బుతో కడగవద్దని, మెత్తని బ్రష్‌తో రుద్దితే చాలని, కింది పాత్రలో చెయ్యి ముంచకుండా కుళాయి తిప్పే పట్టుకోవాలని దగ్గరుండి చూపించు. ఈ కుండ ఫ్లోరైడును తీయలేదు. నల్లగొండ వైపు అమ్మాలనుకుంటే ముందు ఆ ఊరి బోరు నీటిని పరీక్ష చేయించు, ఫ్లోరైడు లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే అక్కడ అమ్మవద్దు. మొదటి బట్టీ దించాక ప్రవాహ లెక్కల పుస్తకం తీసుకుని రా, ఊక పాళ్లు ఇద్దరం కూర్చుని సరిచూద్దాం.

ఇట్లు,
నీ మేనమామ