కొత్త కార్ల రిజిస్ట్రేషన్ లెక్కలు చదివే పద్ధతి

చి. రమ్యకు పెదనాన్న ఆశీస్సులు.

బిజినెస్ డెస్కులో కార్ల మార్కెట్ నీకు అప్పగించారని తెలిసి సంతోషించాను. ప్రతి నెలా మొదటి వారంలో నీ బల్ల మీదికి వచ్చే రిజిస్ట్రేషన్ లెక్కల గురించే ఈ ఉత్తరం. ఆ నెలలో ఎన్ని కొత్త బళ్లకు నంబరు పడిందో అవి చెబుతాయి. ఎంతమంది కారు కొనాలనుకున్నారో చెప్పవు. జనం మాత్రం రెండో ప్రశ్నకు జవాబు కోసమే నీ వార్త చదువుతారు. అందుకని అంకె పెరిగిందా తగ్గిందా అని చూసే ముందు, ఆ నంబరు ఎవరి పేరు మీద పడింది, ఆ నెలలోనే ఎందుకు పడింది అని అడుగు.

అసలు చేతికొచ్చిన అంకె ఏ రకానిదో ముందు తేల్చుకో. ఫ్యాక్టరీ నుంచి డీలరుకు బండి కదిలినప్పుడు వేసే లెక్క ఒకటి, కొన్నవాళ్ల పేరున నంబరు పడ్డాక వేసేది మరొకటి. మన దేశంలో వాహన తయారీ కంపెనీల సంఘం సియామ్ ఇచ్చేది మొదటిది. డీలర్ల సమాఖ్య ఫాడా, ప్రభుత్వ రిజిస్ట్రేషన్ రికార్డు అయిన వాహన్ డేటా నుంచి ఇచ్చేది రెండోది. రెండూ పత్రికల్లో ‘అమ్మకాలు’ పేరుతోనే వస్తాయి, ఒక్కోసారి పక్కపక్క పేజీల్లో ఒకటి పెరిగినట్టు, ఒకటి తగ్గినట్టు. రెండూ నిజమే. వాటి మధ్య తేడా డీలర్ల గోడౌన్లలో నిలబడి ఉంటుంది. 2024 సెప్టెంబరులో ఆ నిల్వ 80-85 రోజులకు చేరిందని, విలువ రూ. 79,000 కోట్లని ఫాడా చెప్పింది. 21 రోజులకు మించకూడదన్నది ఆ సంఘం వాదన. నిల్వ రోజులు లెక్కగట్టడం తేలికే: డీలర్ల దగ్గరున్న బళ్లను రోజుకు సగటున రిజిస్టరయ్యే బళ్లతో భాగించాలి. అది రెండు మూడు నెలలు వరసగా పెరుగుతోందంటే డిస్కౌంట్లు, ఆ వెనకే ఉత్పత్తి కోత వస్తాయని అనుకోవచ్చు.

డేటా ఎక్కడెక్కడి నుంచి వచ్చిందో కింద చిన్న అక్షరాల్లో ఉంటుంది, అది వదలకు. ఫాడా పట్టికల్లో చాలాకాలం తెలంగాణ లేదు, ఆ రాష్ట్రం వాహన్‌లో చేరకపోవడమే కారణం. అది గమనించకుండా ‘దేశవ్యాప్తంగా’ అని రాస్తే తప్పవుతుంది.

ఇన్ని లోపాలున్నా కంపెనీలు సొంతంగా ప్రకటించే అమ్మకాల కంటే రిజిస్ట్రేషన్లే నమ్మదగినవి. అమెరికాలో నెలవారీ లెక్కలకు ప్రధాన ఆధారం కంపెనీల ప్రకటనలే. 2012-2016 మధ్య నెలవారీ అమ్మకాలను తప్పుగా చూపిందన్న అభియోగం మీద ఫియట్ క్రైస్లర్ అమెరికా విభాగం 2019లో అక్కడి మార్కెట్ల నియంత్రణ సంస్థ ఎస్ఈసీకి 4 కోట్ల డాలర్లు కట్టి రాజీపడింది. తప్పు ఒప్పుకోనూ లేదు, కాదననూ లేదు. రిజిస్ట్రేషన్ అయితే కనీసం ఒక నంబరు, ఒక యజమాని పేరు రికార్డులో ఉంటాయి.

ఇక ఆ పేరు సంగతి. అన్నిటికంటే ఎక్కువసేపు ఇక్కడే ఆగాలి. 2024లో బ్రిటన్‌లో 19,52,778 కొత్త కార్లు రిజిస్టరయ్యాయి, ముందటేడాది కంటే 2.6 శాతం ఎక్కువ. పైపైన చూస్తే మార్కెట్ కోలుకుంటోందనే రాస్తాం. అదే పట్టికలో కింది వరస చూడు: వ్యక్తులు కొన్నవి 7,46,276 మాత్రమే, 8.7 శాతం తగ్గాయి. పెరిగినదంతా ఫ్లీట్, అంటే కంపెనీలు, లీజు సంస్థలు, అద్దె కార్ల వాళ్లు తీసుకున్నవి. ఎలక్ట్రిక్ కార్ల వాటా 19.6 శాతానికి చేరడానికీ ప్రధాన కారణం వాళ్లే. ఉద్యోగికిచ్చే కంపెనీ కారు మీద పన్ను లెక్కగట్టేటప్పుడు, ఎలక్ట్రిక్ అయితే 2024-25లో ధరలో 2 శాతాన్నే ఆదాయంగా తీసుకున్నారు. పెట్రోలు కారుకు అది ఎన్నో రెట్లు ఎక్కువ. కాబట్టి ఆ 19.6 శాతాన్ని ‘జనం ఎలక్ట్రిక్ వైపు మళ్లారు’ అని రాయకూడదు. అలాగని ఫ్లీట్ అంతా కంపెనీల అవసరమేనని కూడా అనుకోకు. జీతంలోంచి కోత పెట్టించుకుని ఉద్యోగి తన ఇంటి కోసం తీసుకున్న కారు కూడా అక్కడ ఫ్లీట్ ఖాతాలోనే పడుతుంది.

మూడో రకం పేరు డీలరుదే. నెలాఖరుకు టార్గెట్ అందుకుంటే కంపెనీ నుంచి బోనస్ వస్తుంది. ఇంకో పది బళ్లు తక్కువపడితే డీలరు ఆ పదీ తన పేరునే రిజిస్టర్ చేయించి బోనస్ తీసుకుంటాడు, తర్వాత వాటిని ‘నడవని సెకండ్ హ్యాండ్’ కింద తగ్గించి అమ్ముతాడు. జర్మనీలో ఒక్కరోజు రిజిస్ట్రేషన్ అంటూ దీనికి పేరే ఉంది. చైనాలో సున్నా కిలోమీటర్ల పాత కార్ల మీద 2025లో పెద్ద చర్చే నడిచింది. లెక్కల్లో ఆ నెల బ్రహ్మాండంగా కనిపిస్తుంది, కానీ అసలు కొనుగోలుదారు ఒక్కడూ పెరగడు. పైగా ఆ పది బళ్లే వచ్చే నెల కొత్త కారుకు పోటీగా నిలబడి దాని ధరను కిందికి లాగుతాయి. దీన్ని పసిగట్టాలంటే రోజువారీ అంకెలు దొరికిన చోట చివరి రెండు మూడు పనిదినాల వాటా చూడు. సెకండ్ హ్యాండ్ ప్రకటనల్లో ఏడాది నిండని, వంద కిలోమీటర్లు కూడా తిరగని బళ్లు ఏ మోడల్‌వి ఎక్కువున్నాయో చూడు. కొత్త మోడల్ రాబోతున్న కారు అమ్మకాలు ఉన్నట్టుండి ఎగిసినా అనుమానించాల్సిందే.

నెల ఎందుకన్న ప్రశ్నకు జవాబు చాలాసార్లు ప్రభుత్వ గెజిట్‌లో దొరుకుతుంది. 2018 సెప్టెంబర్ 1 నుంచి యూరప్‌లో కొత్త కార్లన్నిటికీ డబ్ల్యుఎల్‌టీపీ ఉద్గార పరీక్ష తప్పనిసరైంది. ఆ పరీక్ష పూర్తికాని బళ్లను కంపెనీలు ఆగస్టులోనే వదిలించుకున్నాయి. ఆగస్టు రిజిస్ట్రేషన్లు 31.2 శాతం పెరిగాయి, సెప్టెంబరువి 23.5 శాతం పడిపోయాయి. రెండు నెలలూ కలిపితే మిగిలేది కొద్దిపాటి తగ్గుదలే. నార్వేలో 2023 జనవరి నుంచి ఖరీదైన ఎలక్ట్రిక్ కార్ల మీద కొత్తగా వ్యాట్ పడింది. డిసెంబరులో 39 వేలకు పైగా రిజిస్టరయిన దేశంలో జనవరికి 1,860కి దిగాయి. మార్కెట్ కూలలేదు, జనవరి, ఫిబ్రవరి కొనుగోళ్లు డిసెంబరులోనే జరిగిపోయాయంతే. బ్రిటన్‌లో ఇది ఏటా ఉండేదే. మార్చిలో, సెప్టెంబరులో నంబర్ ప్లేటు మీది కోడ్ మారుతుంది. 2024 మార్చి నుంచి 24, సెప్టెంబరు నుంచి 74. కొత్త కోడ్ కోసం ఫిబ్రవరిలో జనం ఆగిపోతారు. ఫిబ్రవరిని మార్చితో పోల్చి ఎవరైనా రాస్తే ఆ వార్త పక్కన పెట్టెయ్. చైనాలో కొత్త సంవత్సరం సెలవు కొన్నేళ్లు జనవరిలో, కొన్నేళ్లు ఫిబ్రవరిలో పడుతుంది, ఆ రెండు నెలలనూ కలిపే చూడాలి.

పోలిక దేనితో అన్నది మర్చిపోతే శాతాలు ఆడుకుంటాయి. 2020 ఏప్రిల్‌లో బ్రిటన్ లాక్‌డౌన్‌లో ఉంది, 4,321 కార్లే రిజిస్టరయ్యాయి. మరుసటి ఏప్రిల్‌లో 1,41,583. పెరుగుదల 3,176.6 శాతం! కానీ 2019 ఏప్రిల్‌లో 1,61,064 ఉన్నాయి. దాంతో పోలిస్తే 12 శాతం తక్కువే. నిరుటి నెల మామూలు నెల కాకపోతే ఇంకో ఏడాది వెనక్కి వెళ్లు. పనిదినాలు కూడా లెక్కపెట్టు. నిరుడు 21 రోజుల్లో 100 బళ్లు, ఈసారి 23 రోజుల్లో 106 అనుకో. పైకి 6 శాతం పెరిగినట్టే, రోజువారీ సగటు మాత్రం 4.76 నుంచి 4.61కి పడింది, అంటే 3 శాతం తగ్గింది.

తగ్గిన అంకెకు కూడా తొందరపడకు. బ్రిటన్‌లో 2022లో 16,14,063 కార్లు రిజిస్టరయ్యాయి, 1992 తర్వాత అదే అతి తక్కువ. గిరాకీ పోయిందా? లేదు, చిప్‌లు దొరక్క బళ్లు తయారవలేదు. ఇవాళ నంబరు పడుతున్న బండికి ఆర్డరు ఎన్నో నెలల కిందట ఇచ్చి ఉండొచ్చు. అందుకే వెయిటింగ్ ఎంత ఉందో, డిస్కౌంట్ ఎంత ఇస్తున్నారో షోరూముల్లో కనుక్కో. వెయిటింగ్ పెరుగుతూ రిజిస్ట్రేషన్లు తగ్గితే సరఫరా సమస్య. డిస్కౌంట్ పెరుగుతున్నా తగ్గితే గిరాకీ సమస్య.

కొత్త కార్ల వాటా వేరు, రోడ్డు మీదున్న కార్ల వాటా వేరు. నార్వేలో 2024లో కొత్తగా కొన్న కార్లలో 88.9 శాతం ఎలక్ట్రిక్. అదే ఏడాది సెప్టెంబరులో రోడ్డు మీది 28 లక్షల కార్లలో ఎలక్ట్రిక్‌వి 7,54,303, పెట్రోలువి 7,53,905. అప్పుడే మొదటిసారి దాటాయి, అదీ 398 కార్ల తేడాతో. ఇక జనంలో ఎక్కువమంది కొనేది పాత కార్లే. బ్రిటన్‌లో 2024లో 76 లక్షలకు పైగా సెకండ్ హ్యాండ్ కార్లు చేతులు మారాయి, కొత్తవాటికి దాదాపు నాలుగు రెట్లు. సామాన్యుడి పరిస్థితి రాయాలంటే ఆ పట్టిక తెరువు.

పని పద్ధతిగా చేసుకోవడానికి ఒక షీట్ పెట్టుకో. నెల, మొత్తం, వ్యక్తులవి, ఫ్లీట్‌వి, డీలర్లవి, పనిదినాలు, ఫ్యాక్టరీ నుంచి కదిలినవి, నిల్వ రోజులు. చివరి గడిలో ఆ నెలలో మారిన పన్ను, సబ్సిడీ, నిబంధన ఏదన్నా ఉంటే తేదీతో సహా రాసిపెట్టు. పక్కనే గత 12 నెలల మొత్తం వేసుకుని, ప్రతి నెలా కొత్తది కలిపి పాతది తీసెయ్. మార్కెట్ ఎటు పోతోందో చెప్పడానికి నేను నమ్మేది ఆ మొత్తాన్నే. ఇంకో మాట, ఆలస్యంగా నమోదైన బళ్లు చేరి పాత నెలల అంకెలు తర్వాత సవరణకు వస్తాయి. అందుకే పోల్చే ముందు నిరుటి అంకెను నీ పాత వార్తలోంచి కాకుండా తాజా పట్టికలోంచి తీసుకో. 2019 నుంచి నింపడం మొదలుపెట్టు, 2020కి ముందు ఒక మామూలు ఏడాది చేతిలో ఉండాలి. నింపాక నాకు పంపు, గడి గడీ కలిసి చూద్దాం.

ఇట్లు,
పెదనాన్న