పుంజు లేకుండా పిల్లలు తీయిస్తే లెక్క కుదురుతుందా?

ప్రశ్న: మా పెరట్లో నాలుగు పెట్టలున్నాయి. కూతతో ఇరుగుపొరుగుకు ఇబ్బందని పుంజును పెట్టుకోలేదు. ఇప్పుడు ఒక పెట్ట పొదుగుకొచ్చి గూడు వదలడం లేదు. గుడ్లు పెట్టే పెట్టలు ఇంకొన్ని పెరిగితే బాగుండని ఆశ. గుడ్లు కొనాలా, పిల్లల్ని కొనాలా, లేక పుంజునే తెచ్చుకోవాలా? పెట్టిన డబ్బు తిరిగొస్తుందా?

జవాబు: ముందు పుంజు సంగతి తేల్చేద్దాం. పొదగడానికి దానితో పనిలేదు. ఒక పుంజు రోజుకు 100 నుంచి 120 గ్రాముల మేత తింటుంది, అంటే ఏడాదికి దాదాపు 40 కిలోలు. మీకు కావలసింది ఎప్పుడో ఒకసారి ఒక డజను గుడ్లు. దానికోసం ఏడాదంతా మేపడం దండగ. ఇంక్యుబేటర్ కూడా వద్దు, ఆ పని మీ పెట్ట ఉచితంగానే చేస్తానంటోంది కదా.

ఇక గుడ్లు. పుంజుతో కలవలేదు కాబట్టి మీ పెట్టలవి పొదిగిస్తే మురిగిపోవడమే. పుంజుతో కలిసి తిరిగే పెట్టల గుడ్లు, పెట్టి వారం దాటనివి తేవాలి. ఒక పెట్ట కింద 10-12 పడతాయి. చాలామంది ఇక్కడే పొరబడతారు, ధరను 12తో భాగించి చవకే అనుకుంటారు. దూరం నుంచి కుదుపుల్లో వచ్చిన గుడ్లలో సగం పిల్లలైతే సంతోషించాలి. అంటే ఆరు. అందులో ఇంచుమించు సగం పుంజులే. మీకు మిగిలేవి మూడు పెట్టలు, కాబట్టి ఖర్చును మూడుతో భాగించండి. పుంజు వద్దనుకున్నవాళ్లు మూడు పుంజులకు యజమానులవుతారు, అదీ ఇందులో తమాషా! వాటిని ఎవరు తీసుకుంటారో గుడ్లు కొనకముందే మాట్లాడుకోండి. కూత మొదలయ్యాక బేరమాడే పరిస్థితి ఉండదు.

జేబులోంచి నేరుగా పోని ఖర్చు ఇంకొకటుంది. పొదిగే 21 రోజులు, ఆ తర్వాత పిల్లల్ని వెంటేసుకుని తిరిగే నెలా రెండు నెలలు ఆ పెట్ట గుడ్డు పెట్టదు. పిల్లలు గుడ్డుకు రావడానికి అయిదారు నెలలు పడుతుంది. అప్పటిదాకా పుంజు పిల్లలకూ మేత పెట్టాల్సిందే.

మీ అవసరం పెట్టలే గనక, నా ఓటు ఒకరోజు పిల్లలకు. హేచరీలో పెట్టపిల్లల్ని వేరుచేసి అమ్ముతుంటే అవే తీసుకోండి. పొరపాటున ఒకటో అరో పుంజు రావచ్చు, అంతే. టీకా వేసినవేనా అని అడగండి. అంతవరకు పెట్టను ఉత్తుత్తి గుడ్ల మీద కూర్చోబెట్టండి. రెండు మూడు వారాలు గట్టిగా కూర్చున్నాక, రాత్రి చీకట్లో గుడ్లు తీసి పిల్లల్ని రెక్కల కిందకు తోయండి. తెల్లారగానే వెళ్లి చూడాలి. పొడుస్తుంటే వెంటనే తీసేసి లైటు వెచ్చదనంలో పెంచుకోవలసి వస్తుంది. ఆ దీపం ఖర్చు కూడా ముందే లెక్కలో వేసుకోండి.

తెలిసినవాళ్ల పుంజు దగ్గరకు మీ మిగతా పెట్టల్ని వారం పాటు పంపడం చవకైన దారి. తిరిగొచ్చాక కూడా వారం పది రోజులు అవి పెట్టే గుడ్లు పొదగడానికి పనికొస్తాయి. కానీ పేలో, జబ్బో అంటించుకొస్తే మందుల ఖర్చు మీదే. పైగా ఇప్పుడు కూర్చున్న పెట్ట అన్నాళ్లు ఆగాలి. దీన్ని వచ్చేసారికి ఉంచుకోండి.

డబ్బు తిరిగొస్తుందా అంటే, త్వరలో గుడ్డుకొచ్చే పెట్ట ధర కనుక్కోండి. మీ లెక్కలో ఒక్కో పెట్టకయ్యే ఖర్చు, మేతతో సహా, అంతకన్నా తక్కువైతే లాభమే. నాలుగు కోళ్ల పెంపకంలో అలా తేలడం అరుదు. ఎక్కువైతే ఆ తేడా మీ సరదాకు ఇచ్చుకున్న ధర. సినిమాలకు, షికార్లకు తీసిపెట్టిన డబ్బులోంచి ఇవ్వండి, అత్యవసర నిధిని ముట్టుకోవద్దు.

ఏదైనా ఈ వారంలోనే తేల్చుకోండి. పొదుగు మీదున్న పెట్ట రోజుకోసారి తప్ప లేవదు, సరిగా తినదు, చిక్కిపోతుంది. వద్దనుకుంటే అడుగున గాలాడే జాలీ బోనులో మేత, నీళ్లు పెట్టి కొన్ని రోజులుంచండి. గూడు మరిచిపోయి, కొద్ది వారాల్లో మళ్లీ గుడ్లకు వస్తుంది.