యాప్ ఒక్కోసారి ఒక్కో పేరు చెబుతోంది

ప్రశ్న: అనంతగిరి అడవిలో, వసారా లైటు దగ్గర గోడ మీద బూడిదరంగు మాత్ (సీతాకోకచిలుకను పోలిన, ఎక్కువగా రాత్రిపూట తిరిగే పురుగు) కనిపించింది. ఫొటో చూసి జీవి పేరు చెప్పే యాప్ మూడు ఫొటోలకు మూడు పేర్లు చెప్పింది. ఎలా నిర్ధారించుకోవాలి? – ఒక పాఠకుడు, మెహదీపట్నం, హైదరాబాద్

జవాబు: తన దగ్గర తక్కువ ఫొటోలున్న జాతి ఎదురైతే యాప్ దానికి దగ్గరి పోలిక ఉన్న జాతి పేరే చెబుతుంది. అందుకని జాతి పేరు పెట్టేయకండి, ప్రజాతి (దగ్గరి జాతుల గుంపు) దగ్గరో కుటుంబం (ప్రజాతుల గుంపు) దగ్గరో ఆగండి. తప్పు పేరు ఒకసారి రికార్డుకెక్కితే తీయడం కష్టం.

ముడుచుకున్న రెక్కలతో పైనుంచి ఒక ఫొటో, పక్కనుంచి ఒకటి, మీసాలు కనిపించేలా ముఖానిది ఒకటి తీయండి. అసలు ఆధారం చాలాసార్లు దాగి ఉన్న వెనక రెక్కలోనే ఉంటుంది. వేళ్లతో పట్టుకుంటే పొలుసులు పొడిలా రాలి గుర్తులు పోతాయి. అనుమతి ఉన్నచోటైతే చిన్న డబ్బాలోకి తీసుకుని, ఫ్రిజ్‌లో (ఫ్రీజర్‌లో కాదు) పది నిమిషాలు ఉంచండి. మందగించాక గ్రాఫ్ కాగితం మీద ఫొటో తీసి, దొరికిన చోటే వదిలేయండి. ముందు రెక్క పొడవు మొదలు నుంచి కొస వరకు మిల్లీమీటర్లలో రాయండి.

తేదీ, గంట, జీపీఎస్, లైటు రకం, చుట్టూ ఉన్న చెట్లు అప్పటికప్పుడే నోట్ చేసి, ఫొటోలతో ఐనాచురలిస్ట్‌లో (జీవుల ఫొటోలు పెడితే ఇతరులు గుర్తించడంలో సాయపడే వెబ్‌సైట్) పెట్టండి. 1892-96లో బ్రిటిష్ ఇండియా మాత్‌ల మీద వచ్చిన హాంప్సన్ సంపుటాల్లోని వర్ణనలతో పోల్చవచ్చు కానీ, అందులోని పేర్లు చాలా మారాయి. కొన్ని జాతులు జననాంగాల పరీక్షతో తప్ప తేలవు. దానికి నమూనా కావాలి, అటవీశాఖ అనుమతి లేకుండా సేకరించకండి.