రెక్క రేకులకు రివెట్లు ఒక్కరే కొట్టవచ్చా?

ఇంట్లో కట్టుకునే విమానం రెక్కలకు, తోడు ఎవరూ లేకుండా గట్టి రివెట్లు (రేకులను కలిపే, బోలు లేని లోహపు మేకులు; ఒక కొనకు తల ఉంటుంది, రెండో కొన దెబ్బకు ఉబ్బి తోక అవుతుంది) కొట్టడం కుదురుతుందా అన్నది ప్రశ్న. చాలావరకు కుదురుతుంది. ఒక చేతిలో గన్ (గాలి ఒత్తిడితో రివెట్‌ను కొట్టే పరికరం), రెండో చేతిలో బకింగ్ బార్ (అవతలి వైపు ఆనించే బరువైన లోహపు దిమ్మ) ఉండి రెండూ ఒకే రివెట్‌కు అందితే చాలు. అందుకే ఏ వరుస ముందో, ఏది తర్వాతో గన్ ముట్టుకోకముందే ప్లాన్ల ప్రకారం తేల్చుకోండి.

అంచుల దగ్గర, స్క్వీజర్ (రివెట్‌ను రెండు వైపులా నొక్కి బిగించే పరికరం) దవడ, అంటే యోక్, అందినంత మేర గన్ వాడకండి. స్క్వీజర్‌తో ప్రతి తోకా ఒకేలా వస్తుంది. రెక్క వెనకంచున కదిలే ఫ్లాప్, ఎయిలరాన్ రేకులకు స్టిఫెనర్లు (రేకు వంగకుండా వేసే పట్టీలు) బిగించడానికి బ్యాక్ రివెటింగ్‌ను మించింది లేదు. నున్నటి స్టీలు పలకను బల్లలో సమంగా పొదిగి, రివెట్ తలల మీద టేపు అంటించి, రేకును బోర్లించి తోక వైపు నుంచి కొట్టాలి. తల పలక మీద లేకుండా కొడితే రేకు సొట్టపోతుంది, పలక ఎక్కడుందో గుర్తు పెట్టుకోండి.

పై రేకుకు రెక్కను ముందంచు కిందికి ఉండేలా నిలబెట్టండి. గన్ చెయ్యి బయట, బార్ చెయ్యి రిబ్‌ల (రెక్క లోపలి అడ్డ పట్టీల) మధ్య. కష్టమంతా చివరగా మూసే కింది రేకుతోనే. ఒక అంచును క్లెకోలతో (రివెట్ రంధ్రాల్లో పెట్టి రేకులను తాత్కాలికంగా పట్టి ఉంచే స్ప్రింగ్ క్లిప్పులతో) బిగించి, మిగతా రేకును మడత పడకుండా పెద్ద వంపుతో వెనక్కి ఎత్తి పట్టి, ఆ సందులోంచి చెయ్యి పెట్టాలి. అందడం కష్టమైన లోపలి మూలతో మొదలుపెట్టి తెరిచి ఉన్న అంచు వైపు రండి. ఎదురు దిశలో వస్తే చివరికి మీ చేతికే దారి ఉండదు. ఇక్కడ చిన్న టంగ్‌స్టన్ బార్‌కు పెట్టిన డబ్బు వృథా కాదు: ఇరుకులో పట్టినా బరువు తగ్గదు. రిబ్ గీసుకోకుండా బార్ పక్కలకు టేపు చుట్టండి.

3/32 అంగుళం రివెట్లకు, 3ఎక్స్ సైజు గన్‌తో 40 పీఎస్ఐ గాలి ఒత్తిడి దగ్గర మొదలుపెట్టి, అదే మందం తుక్కు రేకు మీద సరిచూసుకోండి. బార్ తోకకు తగిలిందని చేతికి తెలిశాకే ట్రిగ్గర్. బార్ లేకుండా ఒక్క దెబ్బ పడినా రేకు లోపలికి పోతుంది. గన్‌ను బార్‌కంటే కాస్త గట్టిగా నొక్కాలి, లేకపోతే తల పైకి లేచి దాని కింద సందు మిగులుతుంది. రేకులు రెండూ అతుక్కోకుండా కొడితే రివెట్ వాటి మధ్యే ఉబ్బుతుంది. క్లెకోలు దగ్గర దగ్గరగా పెట్టమనేది ఇందుకే. చెవులకు రక్షణ తప్పనిసరి.

తోక వెడల్పు రివెట్ వ్యాసానికి ఒకటిన్నర రెట్లు, ఎత్తు వ్యాసంలో సగం ఉండాలి. అంటే 3/32కు సుమారు 3.6, 1.2 మి.మీ.; 1/8కి 4.8, 1.6 మి.మీ. లోపలి భాగాన్ని అద్దంతోనో ఫోన్ కెమెరాతోనో చూడండి. కొంచెం పక్కకు ఒరిగినా కొలతలు డిజైనర్ చెప్పిన హద్దులో ఉంటే వదిలేయడమే నయం, తీయబోయి రంధ్రం పెద్దది చేసుకునేవాళ్లే ఎక్కువ. తీయక తప్పదంటే తల లోతు వరకే డ్రిల్ చేసి, తలను పంచ్‌తో విరిచి, వెనక ఆనుగా పెట్టి కాడను బయటికి తట్టండి.

చెయ్యి అందని చోట పాప్ రివెట్లు (ఒక వైపు నుంచే బిగించే బోలు రివెట్లు) పెట్టేద్దామనిపిస్తుంది. బలం, రంధ్రం కొలత రెండూ వేరు కాబట్టి డిజైనర్ ఒప్పుకున్న చోటే వాడాలి. మిగిలిన ఆ కొన్నింటికి క్లెకోలు ఉంచి, రంగు టేపుతో గుర్తు పెట్టి, తోడు దొరికిన పూట అన్నీ ఒకేసారి కొట్టేయండి.