ఆక్సిజన్ ఎక్కడికి పోయిందో రాయమ్మా

చిరంజీవి అమ్మాయికి, ఆశీస్సులు.

నీ వ్యాసం రెండుసార్లు చదివాను. శ్రద్ధగా రాశావు. అయితే మూడో పేరాలో "పీడనం పెంచితే సిరామిక్ అతివాహకాల సందిగ్ధ ఉష్ణోగ్రత పెరుగుతుంది" అని ఒక్క ముక్కలో తేల్చేశావు. అతివాహకం అంటే బాగా చల్లబరిస్తే విద్యుత్తును ఏ నిరోధమూ లేకుండా పోనిచ్చే పదార్థం, ఆ గుణం మొదలయ్యే ఉష్ణోగ్రతే సందిగ్ధ ఉష్ణోగ్రత అని కూడా చదివేవాళ్లకు చెప్పాలి. ఈ ఉత్తరం ఆ వాక్యం గురించే.

1986లో జ్యూరిక్ దగ్గరి ఐబీఎం ప్రయోగశాలలో బెడ్నోర్జ్, ముల్లర్ లాంథనం, బేరియం, రాగి, ఆక్సిజన్ కలిసిన పదార్థంలో 30 కెల్విన్ల ప్రాంతంలో అతివాహకత్వం కనుక్కున్నారు. హ్యూస్టన్‌లో పాల్ చూ అనే శాస్త్రవేత్త అలాంటి పదార్థాన్నే గట్టిగా నొక్కి చూశారు. ఆ ఉష్ణోగ్రత 40 దాటింది. అప్పుడు ఆయనకు వచ్చిన ఆలోచన చూడు: బయటి నుంచి నొక్కే బదులు, లోపలే చిన్న పరమాణువును కూర్చోబెడితే? అలా లాంథనం స్థానంలోకి యిట్రియం వచ్చింది. 1987 జనవరిలో అలబామాలోని మావ్ కుయెన్ వూ బృందంతో కలిసి 93 కెల్విన్లు సాధించారు. ద్రవ నైట్రోజన్ 77 దగ్గర మరుగుతుంది. అంటే ఖరీదైన ద్రవ హీలియం లేకుండానే చల్లబరచవచ్చు.

కథ ఇక్కడితో ఆపితే చక్కగా ఉంటుంది. కానీ ఆపకు. తీరా చూస్తే ఆ కొత్త పదార్థం స్ఫటిక నిర్మాణమే వేరు! పైగా ఆక్సిజన్ సరిపడా ఉన్న యిట్రియం బిళ్లను నొక్కితే దాని ఉష్ణోగ్రత కాస్తే కదులుతుంది. పాదరసం కలిసిన రకమేమో మామూలుగా సుమారు 134 కెల్విన్లు, మామూలు గాలి పీడనానికి దాదాపు 3 లక్షల రెట్ల ఒత్తిడిలో 164 దాకా వెళ్లింది. ఒక్కో పదార్థానిది ఒక్కో తీరు. నీ వాక్యంలో ఆ తేడా లేదు.

వేడి గురించి ఒక్క వాక్యం రాసి వదిలేశావు. నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం అదే. యిట్రియం ఆక్సైడ్, బేరియం కార్బొనేట్, కాపర్ ఆక్సైడ్ పొడులు కలిపి నూరి, 900 డిగ్రీల సెల్సియస్ పైన కాల్చి, బిళ్లగా నొక్కి మళ్లీ కాలుస్తారు. అంత వేడి లేనిదే పదార్థం తయారవదు. కానీ ఆ వేడికే దానిలోని ఆక్సిజన్ బయటికి పోతుంది. కొలిమిలోంచి తీసి గబుక్కున చల్లార్చావా, నల్లటి బిళ్ల చేతికొస్తుంది గానీ అది అతివాహకం కాదు. ఆక్సిజన్ ప్రవాహంలో 400, 500 డిగ్రీల మధ్య ఓపిగ్గా ఉంచితే పోయిన ఆక్సిజన్‌ను మళ్లీ లోపలికి తీసుకుంటుంది. ఫార్ములాలో 6 దగ్గరున్న ఆక్సిజన్ లెక్క 7కు చేరువవుతుంది. రాగి, ఆక్సిజన్ గొలుసులు మళ్లీ ఏర్పడతాయి. రాయి శ్వాస తీసుకుంటోందని నువ్వు రాసినా నేను కొట్టేయను, దాని వెనక ఈ లెక్క ఉంటే చాలు.

మీ ఊరి యూనివర్సిటీలో ఫిజిక్స్ డిపార్ట్‌మెంట్ ఉంది కదా. వెళ్లి, ఇలాంటి బిళ్ల ఎవరైనా చేస్తున్నారేమో అడుగు. చేస్తుంటే పక్కన కూర్చో. చల్లార్చడానికి ఎన్ని గంటలు పట్టిందో, మధ్యలో వాళ్లు దేనికి టెన్షన్ పడ్డారో నోట్‌బుక్‌లో రాసుకో. ఆ తర్వాత మూడో పేరా మళ్లీ రాసి నాకు పంపు.