ట్యూమర్ డీఎన్ఏ రిపోర్టు వచ్చేదాకా కీమో ఆపొచ్చా?

ప్రశ్న: మా నాన్నగారికి 61 ఏళ్లు. మాది ఖమ్మం దగ్గర పల్లెటూరు. మెడ మీద గడ్డ వస్తే ఊళ్లో ఆర్‌ఎంపీ ఇచ్చిన మాత్రలతో మూడు వారాల్లో తగ్గి, మళ్లీ పెరిగింది. బయాప్సీలో డిఫ్యూజ్ లార్జ్ బి సెల్ లింఫోమా (లింఫు గ్రంథులకు వచ్చే ఒక రకం క్యాన్సర్) అని వచ్చింది. ఆర్-చాప్ (ఐదు మందుల అక్షరాలతో పేరు పెట్టిన కీమో) 6 సైకిళ్లు, అంటే 6 విడతలు ఇవ్వాలన్నారు. రక్తంలో ట్యూమర్ డీఎన్ఏ ఎంతుందో చూస్తే జబ్బు నయమవుతుందో లేదో ముందే తెలుస్తుందని అమెరికాలో ఉన్న మా అన్నయ్య చెప్పాడు. ఆ రిపోర్టు కోసం రెండు వారాలుగా ఆగాం. దాన్ని ఎంతవరకు నమ్మొచ్చు? – ఓ పాఠకురాలు

జవాబు: అమ్మా, ‘రెండు వారాలుగా ఆగాం’ అన్నచోటే నా కళ్లు ఆగిపోయాయి. ఇది వేగంగా పెరిగే లింఫోమా. అయినా ఆర్-చాప్‌తో నూటికి సుమారు 60 మందికి పూర్తిగా నయమవుతోంది. ఇంకొక్క రోజు కూడా ఆగకుండా మీ ఆంకాలజిస్టును కలవండి.

క్యాన్సర్ కణాలు చనిపోతూ డీఎన్ఏ ముక్కలను రక్తంలోకి వదులుతాయి. ఒంట్లో జబ్బు ఎక్కువుంటే సాధారణంగా అవీ ఎక్కువే ఉంటాయి. అయితే కీమో మొదలయ్యాక ఆ అంకె ఎంత పడిపోయిందన్నది చాలా ముఖ్యం. మొదటి సైకిల్ తర్వాత 100 రెట్లు, రెండో సైకిల్ తర్వాత 300 రెట్లకు పైగా తగ్గినవారికి ఫలితాలు మెరుగ్గా ఉన్నాయని 2018లో వచ్చిన ఒక అధ్యయనం చూపింది. అంటే కీమో పడితేగానీ ఆ సంగతి తేలదు. కావాలంటే మొదటి సైకిల్‌కు ముందు రక్తం తీయించి పంపండి, రిపోర్టు తర్వాత వస్తుంది. ఆ అంకెను బట్టి మందులు మార్చడం మామూలు వైద్యంలోకి ఇంకా రాలేదు. మేం చూసేది వయసు, స్టేజీ, రక్తంలో ఎల్‌డీహెచ్ అనే ఎంజైమ్, మనిషి ఓపిక, గ్రంథులు దాటి ఎన్నిచోట్లకు పాకిందన్నది, ఆపైన జబ్బు ఎక్కడెక్కడుందో చూపే పెట్ సీటీ స్కాన్.

ఇక ఆ మాత్రలు. స్ట్రిప్ మీద పేరు చూడండి. రిపోర్టులు చూడకుండా ఖాయంగా చెప్పలేను గానీ, స్టిరాయిడ్ అయ్యుండొచ్చని నా అనుమానం. ఆర్-చాప్‌లో చివరి ‘పి’ కూడా స్టిరాయిడే. అదొక్కటే వేసుకుంటే గడ్డ కొన్నాళ్లు కరుగుతుంది, జబ్బు లోపలే ఉంటుంది. ఆ సమయంలో బయాప్సీ చేస్తే చచ్చిన కణాలే రావచ్చు, రోగం పేరు తేలదు. మీరు నమ్ముకున్న డీఎన్ఏ అంకె కూడా ఉన్నదానికన్నా తక్కువగా రావచ్చు. ఒకాయన నా ఎదుట కూర్చుని కాలర్ పక్కకు లాగి, ‘పోయింది సార్, చూడండి’ అని మెడ చూపించారు. నెలన్నర తర్వాత అదే చోట నిమ్మకాయంత గడ్డతో వచ్చారు. మెడలో గడ్డకు పేరు తెలియని మాత్ర వేయడం తప్పమ్మా, కోపంగానే చెబుతున్నాను.

నాన్నగారు ఇంకా అవే వాడుతుంటే సొంతంగా ఆపేయకండి, స్ట్రిప్ తీసుకెళ్లి డాక్టరుకు చూపించండి. హెపటైటిస్-బి పరీక్ష, గుండెకు ఎకో అయ్యాయో లేదో అడగండి. కీమోకు ముందు ఆ రెండూ కావాలి. ఈలోగా జ్వరం, ఆయాసం, ముఖం ఉబ్బడం లాంటివి కనిపిస్తే రాత్రయినా సరే, ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి.